పులికాట్‌లో పడవెక్కేటప్పుడు సంచిలో ఏం పెట్టుకోవాలి?

ప్రశ్న: అక్కా, సంక్రాంతి సెలవుల్లో తడ దగ్గర భీమునివారిపాళెం వెళ్ళి పులికాట్ సరస్సులో పడవెక్కాలని అనుకుంటున్నాం. మొత్తం తొమ్మిది మందిమి. అత్తగారు, మామగారు, మేమిద్దరం, మా ఇద్దరు పిల్లలు, మా మరిది, తోడికోడలు, వాళ్ళ పాప. పక్షుల్ని చూస్తూ పడవలోనే అందరం కలిసి భోంచెయ్యాలని మా ఆయన కోరిక. చిత్రాన్నం, సాంబారన్నం, పెరుగన్నం, వడలు, ఒక కూర అని లిస్టు రాసుకున్నాను. వడ్డించడానికి పేపర్ ప్లేట్లు కూడా కొన్నాను. కానీ టెన్షన్‌గా ఉంది. మా తొమ్మిదేళ్ళ బాబుకి తిరుమల ఘాట్ రోడ్డులో బస్సెక్కితేనే వాంతులు. అత్తగారికి షుగరు, ఇన్సులిన్ వేసుకుంటారు. మామగారికి పదకొండు గంటలకు కాఫీ పడకపోతే తలనొప్పి. తినడానికి, తాగడానికి ఏం తీసుకెళ్ళమంటారు?
ఒక చెల్లెలు, తిరుపతి

జవాబు: చెల్లీ, ముందు ఆ లిస్టులోంచి సాంబారన్నం, కూర కొట్టేయండి. పేపర్ ప్లేట్లు ఇంట్లోనే ఉంచేయండి. అందరికీ అన్నీ ఉండాలని ప్రేమగా రాసుకున్న లిస్టు అది, నాకు తెలుసు. కానీ పడవలో బల్ల ఉండదు, చెయ్యి కడుక్కునే చోటు ఉండదు, లేచి నిలబడి వడ్డించే వీలు అసలే ఉండదు. సరస్సు మీద గాలికి ఖాళీ పేపర్ ప్లేటు చేతిలో నిలవదు. ఎగిరి నీళ్ళలో పడిందంటే మళ్ళీ చేతికి రాదు.

పాపికొండల లాంచీల్లో అయితే టిఫిను, భోజనం టికెట్టుతో కలిపి వాళ్ళే పెడతారు. ఆ లాంచీలు పెద్దవి. చిన్న పడవలో ఒకరు లేచి ఇటు నుంచి అటు నడిస్తే చాలు, పడవ ఆ పక్కకి ఒరుగుతుంది. అందుకని పడవ తిండికి నేను ఒకటే చూసుకుంటాను. కూర్చున్న చోటి నుంచి కదలకుండా, పొట్లం విప్పి, ఒక్క చేత్తో తినగలగాలి. రెండో చెయ్యి పిల్లల్ని పట్టుకోవడానికి ఖాళీగా ఉండాలి.

కొన్నేళ్ళ కిందట మేం పదిమందిమి ఇలాగే పడవలో వెళ్ళాం. తెల్లవారుజామున మూడింటికి లేచి టమోటా అన్నం వండి, పొగలు కక్కుతుండగానే పెద్ద డబ్బాకెత్తి మూత బిగించాను. పదకొండింటికి మూత తీస్తే అన్నం జిగురు కట్టి, వాసన కొట్టింది. పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే బిస్కెట్లు పంచి కూర్చోబెట్టాం. అంతకంటే ఎక్కువగా నన్ను బాధపెట్టింది ఇంకొకటి. ఆ పడవలో ఉన్నంతసేపూ నేను డబ్బాలు, గరిటెలు, గ్లాసుల మధ్యే ఉన్నాను. అందరూ ఏం చూశారో ఇంటికొచ్చాక ఫోటోల్లో చూశాను. మీ ఉత్తరం చదువుతుంటే అదే గుర్తొచ్చింది. మీరు కూడా ఆ పక్షుల్ని చూడాలి చెల్లీ. కింద రాసేదంతా అది మనసులో పెట్టుకునే రాస్తున్నాను.

అందుకే భోజనాన్ని ఒడ్డుకి మార్చండి. పడవలో చిరుతిండి, నాలుగు గుక్కల మజ్జిగ చాలు. తిరుపతిలో ఆరింటికి బయల్దేరితే శ్రీకాళహస్తి మీదుగా తడ చేరడానికి రెండు గంటల పైనే పడుతుంది. తొమ్మిది ప్రాంతంలో పడవెక్కితే ఎండ ముదరకముందే తిరిగొచ్చేయవచ్చు. పొద్దెక్కేకొద్దీ గాలి పెరిగి అలలు లేస్తాయి, మీ బాబుకి అది మంచిది కాదు. పడవ ఎంతసేపు తిప్పుతారో ఎక్కే ముందే అడిగి తెలుసుకోండి. దాన్నిబట్టి ఏ పొట్లం ఎప్పుడు విప్పాలో మీకే తెలుస్తుంది. మీ ఆయనకి చెప్పండి, కలిసి భోంచెయ్యాలన్న కోరిక ఒడ్డున చెట్టు నీడలో దుప్పటి పరుచుకుంటే ఇంకా బాగా తీరుతుందని.

ఇక వంట. మీ చిత్రాన్నం బదులు చింతపండు పులిహోర చెయ్యండి. అన్నం వంటకాల్లో ప్రయాణానికి దీన్ని మించింది నాకు తెలీదు. దీనికి కారణం ఉంది. వండిన అన్నంలో బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు మిగిలి ఉంటాయి, ఉడికించినా అవి చావవు. అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే అవి పెరిగి విషాన్ని తయారు చేస్తాయి. తర్వాత వేడి చేసినా ఆ విషం పోదు. నా టమోటా అన్నం పాడైంది కూడా అలా వెచ్చగా మూతపెట్టడం వల్లే. చింతపండు పులుపు, ఉప్పు బాగా పట్టిన అన్నంలో ఈ సూక్ష్మజీవులు అంత తేలిగ్గా పెరగలేవు. అంటే పులిహోర పాడవదని కాదు, పాడవడానికి ఎక్కువసేపు పడుతుంది. పొద్దున వండింది మధ్యాహ్నంలోపు తినేయాలి.

తొమ్మిది మందికి ముప్పావు కిలో బియ్యం, నూరు గ్రాముల పైన చింతపండు సరిపోతాయి, ఎందుకంటే ఇంకా తినేవి ఉన్నాయి. చింతపండు పులుసుని ముందు రోజు రాత్రే నువ్వుల నూనెలో పసుపు, ఉప్పు, ఎండుమిరపకాయలు, ఇంగువ వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. పొద్దున అన్నం కాస్త పలుకుగా వండి, వెడల్పాటి తాంబాళంలో ఆరబోసి, పులుసు కలపండి. పూర్తిగా చల్లారాకే పొట్లం కట్టండి. అయిదు నిమిషాలు తొందరపడి వేడి మీద కట్టారంటే ఆవిరి నీరై అన్నంలోకే దిగుతుంది. చెనిగ్గింజలు వేయించి వేరే చిన్న డబ్బాలో పెట్టుకుని, తినేటప్పుడు పైన చల్లుకోండి. ముందే కలిపితే మెత్తబడిపోతాయి.

పొట్లానికి అరిటాకే మేలు. ఆకుని పొయ్యి సెగ మీద ఇటూ అటూ రెండు క్షణాలు చూపిస్తే మెత్తబడి, మడత పెట్టినా చిరగదు. ఒక్కొక్కరికి ఒక్కో పొట్లం, పైన న్యూస్ పేపర్ చుట్టకుండా దారంతో కట్టేయండి. పడవలో ఎవరి పొట్లం వాళ్ళకి చేతికందిస్తే వడ్డన అనే పనే ఉండదు. తిన్నాక ఆకు మడిచి చెత్త సంచిలో వేసుకోవాలి. ఆకే కదా అని నీళ్ళలో వెయ్యొద్దు.

పొడి ఇడ్లీ ఇంకో మంచి వస్తువు. చిన్న ఇడ్లీలు వేసి, చల్లారాక నల్లకారం, నువ్వుల నూనె పట్టించి డబ్బాలో పెట్టండి. పిల్లలు ఒక్కొక్కటీ నోట్లో వేసుకుంటారు, చట్నీ అడగరు. కొబ్బరి చట్నీ మాత్రం దయచేసి తీసుకెళ్ళొద్దు. మనం చేసే వాటన్నిటిలో ముందు పాడయ్యేది అదే.

సంక్రాంతికి వెళ్తున్నారు కాబట్టి మన చిత్తూరు వైపు ఆ రోజుల్లో దొరికే రుచులు వదులుకోవద్దు. అనపకాయలు వచ్చే కాలం అది. అనపగింజలు ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు పూర్తిగా వార్చి, ఆవాలు, ఎండుమిరపకాయ, కరివేపాకు తాలింపు పెడితే గుగ్గిళ్ళు. ఒక్కో పిడికెడు చొప్పున చిన్న చిన్న డబ్బాల్లో పోసుకుంటే సరిగ్గా పడవ తిండే. మీ అత్తగారికి కూడా ఇవి మంచివి, అన్నం తిన్నంత వేగంగా షుగరు పెరగదు. గెణుసుగడ్డలు (చిలగడదుంపలు) ఉడికించి తొక్క తియ్యకుండా తీసుకెళ్ళండి, పిల్లలకి కడుపు నిండుతుంది. అవి అత్తగారికి వద్దు. ఉడికించిన చెనక్కాయలు మాత్రం ఒడ్డునే తినండి. పడవలో వాటి పొట్టు ఎవరో ఒకరు నీళ్ళలోకి విసురుతారు.

మీరు రాసిన వడల సంగతి. పడవలో వద్దంటాను. నూనె తిండి కడుపులో తిప్పే వాళ్ళకి పడదు, పక్కన కూర్చున్న మీ బాబుకి ఆ వాసనే చాలు. ఒడ్డుకొచ్చాక భోజనంలో తినండి. పెరుగన్నం కూడా భోజనానికే. దాన్ని పొద్దున పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికి పుల్లగా అయిపోతుంది. మెత్తగా వండిన అన్నాన్ని మెదిపి, గోరువెచ్చటి పాలు ఎక్కువగా పోసి, పెరుగు ఒక్క చెంచా మాత్రం కలపండి. దారిలోనే తోడుకుని, తినే వేళకి కమ్మగా ఉంటుంది. పాలు మరీ వేడిగా ఉంటే తోడుకోదు, వేలు పెడితే ఓర్చుకోగలిగేంత ఉండాలి. అల్లం, కరివేపాకు తాలింపు పెట్టుకోవచ్చు. ద్రాక్ష, దానిమ్మ గింజలు వేసేది తినబోయే ముందే. నంజుకోవడానికి ఊరిబిండి, అదే చెనిగ్గింజల గట్టి పచ్చడి, చేస్తే మామగారు సంతోషిస్తారేమో చూడండి. అదైతే చిన్న డబ్బాలో గట్టిగా ఉంటుంది, ఒలికేది ఉండదు.

మీ మరిది గారు చేపలు, రొయ్యలు అడుగుతారని ఊహిస్తున్నాను, పులికాట్‌కి వెళ్ళి అడగకుండా ఉండరు. వాటిని వండి పడవలోకి తేవొద్దు. ముళ్ళు తీస్తూ తినడానికి రెండు చేతులూ కావాలి. తిరుగు ప్రయాణంలో సూళ్ళూరుపేటలో ఆగి వేడిగా తినమనండి.

ఇప్పుడు బాబు సంగతి. ఖాళీ కడుపుతో ఉంటే వాంతులు రావని చాలామంది తల్లులు ఏమీ పెట్టకుండా ఎక్కిస్తారు. ఖాళీ కడుపు ఇంకా తిప్పుతుంది. ఎక్కడానికి గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక పొడి చపాతీనో పెట్టండి. పాలు, నూనె, చాక్లెట్లు వద్దు. ప్రయాణంలో బొరుగులు కొంచెం కొంచెం నమలనివ్వండి. అల్లం మురబ్బా చిన్న ముక్క బుగ్గన పెట్టుకుంటే చాలామంది పిల్లలకి హాయిగా ఉంటుంది. పడవలో వాణ్ణి మధ్యలో కూర్చోబెట్టండి, ఊపు అక్కడే తక్కువ. ఫోన్ ఇవ్వకండి. దూరంగా నీళ్ళూ ఆకాశమూ కలిసే గీతని చూస్తుండమనండి. పులికాట్ లోతు తక్కువ సరస్సు, సముద్రం మీద లేచినట్టు పెద్ద అలలు ఉండవు కాబట్టి ఘాట్ రోడ్డంత బాధ ఉండదనే నా నమ్మకం. అయినా వాంతుల మాత్ర ఇవ్వాలనుకుంటే పిల్లల డాక్టర్ని ముందే అడిగి మోతాదు రాయించుకోండి. ఆ మాత్రలు ప్రయాణానికి ముందు వేస్తేనే పనిచేస్తాయి, తిప్పడం మొదలయ్యాక వేస్తే ఉపయోగం తక్కువ.

వాడికి చూపించడానికి ఒక విషయం. అక్కడికి శీతాకాలంలో వచ్చే ఫ్లెమింగోలు తలని తలకిందులుగా నీళ్ళలో పెట్టి తింటాయి. ముక్కుతో నీళ్ళని వడగట్టి చిన్న చిన్న జీవుల్ని, నాచుని మింగుతాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి నుంచి వచ్చిందే. అవి ఎలా తింటున్నాయో చూడమంటే వాడు కడుపు సంగతి కాసేపు మరిచిపోతాడు. బొరుగులు మాత్రం వాటికి వెయ్యనివ్వకండి.

అత్తగారి విషయంలో ఇంకొంచెం జాగ్రత్త కావాలి. ఇన్సులిన్ వేసుకున్నాక తిండి ఆలస్యం కాకూడదు. ఆ రోజు ఎన్నింటికి వేసుకోవాలో, ఎంత వేసుకోవాలో వాళ్ళ డాక్టర్ని రెండు రోజుల ముందే అడగండి. టిఫిను మాత్రం పడవెక్కాక చూద్దాం అనుకోకుండా, రోజూ తినే వేళకే కారు ఆపి పెట్టేయండి. ఆవిడ చేతిసంచిలో చక్కెర పొట్లం, చిన్న నీళ్ళ సీసా, గుగ్గిళ్ళ డబ్బా ఆవిడ దగ్గరే ఉండాలి. పెద్ద సంచిలో అడుగున ఉంటే లాభం లేదు. ఉన్నట్టుండి చెమటలు పట్టడం, చేతులు వణకడం, తల తిరగడం, మాట తడబడటం కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత షుగరు మళ్ళీ చూడండి. ఇంకా తక్కువే ఉంటే మరోసారి ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. ఆవిడ స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, వెంటనే ఒడ్డుకి తిప్పించి ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఈ నాలుగు మాటలూ మీ ఆయనకి, మరిదికి కూడా చెప్పి ఉంచండి. ఇన్సులిన్ సీసాని ఎండ తగలనివ్వకూడదు, ఐసుకి ఆనించి పెట్టకూడదు.

తాగేవాటిలో మజ్జిగకే నా ఓటు. పలుచగా చిలికి, ఉప్పు, అల్లం, కరివేపాకు దంచి కలిపి, తప్పకుండా వడగట్టండి. లేకపోతే ఆకు ముక్క సీసా మూతికి అడ్డం పడుతుంది. రెండు సీసాల మజ్జిగని ముందు రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. గడ్డకట్టేటప్పుడు పొంగుతుంది కాబట్టి పావు వంతు ఖాళీ ఉంచాలి. పొద్దున ఆ గడ్డకట్టిన సీసాల్ని మిగతా సీసాల మధ్య పెడితే ఐస్ కొనక్కర్లేదు. పదింటికి కరిగి చల్లటి మజ్జిగ సిద్ధంగా ఉంటుంది.

పిల్లలకి నన్నారి (సుగంధి వేరు) షర్బత్ కలిపి తీసుకెళ్ళండి, నిమ్మకాయ పిండి ఒక చిటికెడు ఉప్పు వేస్తే దాహం బాగా తీరుతుంది. నన్నారి సిరప్‌లో చక్కెర ఎక్కువ, అది అత్తగారికి వద్దు. కొత్త బెల్లం దొరికే రోజులు కదా, శొంఠి, మిరియాలు, యాలకులు వేసిన పానకం ఒక సీసా చెయ్యండి. అత్తగారికి తప్ప, కడుపులో తిప్పినట్టున్న పెద్దవాళ్ళకి రెండు గుక్కలు హాయినిస్తుంది. గ్యాస్ ఉన్న కూల్ డ్రింకులు కడుపు ఉబ్బరం చేస్తాయి. మద్యం సీసాలు ఎవరి సంచిలోనూ ఉండకుండా చూడండి. నీళ్ళ మీద ఆ విషయంలో మొహమాటం పడొద్దు. మామూలు నీళ్ళు మనిషికి లీటరు చొప్పున ఉండాలి. చుట్టూ అన్ని నీళ్ళున్నా అవి ఉప్పునీళ్ళు, పుక్కిలించడానికి కూడా పనికిరావు. చేతులు తుడుచుకోవడానికి తడిపి పిండిన పాత నూలు గుడ్డలు ఒక డబ్బాలో పెట్టుకోండి.

ఇంకో మాట, ఆడవాళ్ళు పైకి చెప్పుకోనిది. చిన్న పడవలో టాయిలెట్ ఉండదు. దానికి భయపడి మనం పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు కూడా తాగం. ఎండ, గాలి తగిలి మధ్యాహ్నానికి తల పగిలిపోతుంది, మూత్రంలో మంట మొదలవుతుంది. అలా చెయ్యకండి. బయల్దేరే ముందు ఒక గ్లాసు రాగి జావ తాగండి. దారిలో నీళ్ళు తాగుతూ ఉండండి. ఎక్కే ముందు ఒడ్డున టాయిలెట్ ఎక్కడుందో కనుక్కుని అందరూ వెళ్ళి రండి. పడవలో గంటకి నాలుగైదు గుక్కలు సరిపోతాయి. అత్తగారిని, తోడికోడల్ని కూడా మీరే అడిగి తీసుకెళ్ళండి. పెద్దావిడ నోరు తెరిచి అడగరు.

ముందు తొమ్మిది మందీ లైఫ్ జాకెట్లు వేసుకుని, బిగించుకుని, కూర్చున్నాకే సంచి తెరవండి. తినేటప్పుడు కూడా జాకెట్ విప్పనివ్వద్దు. సంచిని పడవ మధ్యలో కాళ్ళ దగ్గర పెట్టుకోండి, అంచున పెడితే అందరూ అటే వంగుతారు. గాజు సీసాలు, కత్తులు, స్టవ్ వద్దు. పండ్లు కొయ్యాలంటే ఇంట్లోనే. అరటిపండ్లయితే కొయ్యక్కర్లేదు. ఖాళీ సంచి ఒకటి చెత్తకి. నింపింది ఇంటికి తెచ్చేదాకా దాని బాధ్యత పెద్ద పిల్లల్లో ఒకరికి అప్పగించండి, వాళ్ళు మనకంటే గట్టిగా చూసుకుంటారు.

మామగారి కాఫీ అడిగారు కదా. ఫ్లాస్కులో ముందు మరిగే నీళ్ళు పోసి అయిదు నిమిషాలు ఉంచి పారబొయ్యండి. అప్పుడు పొగలు కక్కే పాలు, చిక్కటి డికాషన్ కలిపి నిండా పొయ్యండి. సగం ఫ్లాస్కు తొందరగా చల్లారుతుంది. చక్కెర కలపకుండా వేరే పట్టుకెళ్తే అత్తగారికీ రెండు గుక్కలు దక్కుతాయి. కదిలే పడవలో వేడి కాఫీ పొయ్యడం మంచిది కాదు, ఒక్క కుదుపుకి ఒళ్ళు కాలుతుంది. తొమ్మిదికి పడవెక్కితే పదకొండుకి ఎలాగూ ఒడ్డున ఉంటారు. దిగాక ఆ ఫ్లాస్కుని మీ మరిది చేతికిచ్చి మీరు కూర్చోండి. మొదటి గ్లాసు మామగారికి, రెండోది మీకు పొయ్యమనండి.